చవకే గానీ చచ్చువి కావు: ఖరీదైనవాటిని మూల కూర్చోబెట్టిన సామాన్లు

నమస్తే అండీ. పోయిన వీడియోలో లక్ష రూపాయల ఫోను గురించి అంతసేపు మాట్లాడితే, కింద సగం మంది అడిగింది ఒకటే. "అన్నా, మాలాంటోళ్ళు కొనేవి కూడా చెప్పు." సరే, చెప్తున్నా. ఇవాళ ఈ బల్ల మీద ఉన్నవన్నీ కలిపి కొన్నా ఆ ఫోనుకి కంపెనీ కవరు రాదు. అన్నీ నా డబ్బుతో కొన్నవే, ఎవరూ పంపలేదు. పటికని స్పాన్సర్ చేసేవాళ్ళు ఎవరుంటారు లెండి.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. వస్తువు చవగ్గా దొరుకుతోందంటే నాకు రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, తయారుచేసినవాడు ఎక్కడో కక్కుర్తి పడ్డాడు. రెండోది, ఆ వస్తువులో కొత్తగా కనిపెట్టాల్సింది ఎప్పుడో అయిపోయింది, మూసలు పాతబడ్డాయి, పెట్టిన పెట్టుబడి ఏనాడో తిరిగొచ్చేసింది. ఈ రెండో రకం దొరికితే వదలకండి. ఇవాళ చూపించేవన్నీ ఆ బాపతే.

ఇదిగో, మొదటిది. కాసియో ఎఫ్-91డబ్ల్యూ. చాలామంది చిన్నప్పుడు చూసే ఉంటారు, క్లాసులో ఎవరో ఒకడి చేతికి ఉండేది, గంట గంటకీ "పీప్ పీప్" అనేది. 1989 నుంచి వస్తోంది. అప్పటి రూపం, ఇప్పటి రూపం పక్కపక్కన పెడితే తేడా పట్టుకోవడం కష్టం. వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది, సేల్‌ని బట్టి కాస్త అటూ ఇటూ.

దగ్గరగా చూపిస్తాను, ఉండండి. వాచీకి మూడు బొత్తాలు తెలుస్తున్నాయా? ఎడమ పక్కన రెండు, కుడి పక్కన ఒకటి. ఎడమ పైది లైటు, దాని కింద మోడ్. మోడ్ నొక్కుతూ పోతే అలారం, స్టాప్‌వాచ్, టైము మార్చుకోవడం, మళ్ళీ మామూలు టైము. అంతే. మొత్తం బరువు 21 గ్రాములు. రాత్రి పెట్టుకుని పడుకుంటే చేతికి ఉన్న సంగతే గుర్తుండదు. బ్యాటరీ సీఆర్2016, ఏడేళ్ళు వస్తుందని కంపెనీ చెప్తుంది. వారం వారం చార్జింగ్ పెట్టే స్మార్ట్‌వాచీల పక్కన ఇది వినడానికే హాయిగా ఉంది కదా.

టైము ఎంత కచ్చితం? నెలకి 30 సెకన్లు అటూ ఇటూ అని రాసిస్తారు. ఇంత చవకదానికి అంత నికరం ఎలా అంటే, లోపల ఉన్నది చిన్న క్వార్ట్జ్ పలుకు. సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకెని సగం చేసి, మళ్ళీ సగం చేసి, అలా 15 సార్లు చేస్తే సరిగ్గా ఒకటి వస్తుంది. అదే మన సెకను. లోపలున్న చిప్పు చేసే పని ఆ సగాలు లెక్కపెట్టడమే. పది వేలు పెట్టి కొన్న మామూలు క్వార్ట్జ్ వాచీలోనూ ఎక్కువగా జరిగేది ఇదే తంతు. మిగతా తొమ్మిది వేలు డబ్బాకీ, పట్టీకీ, పేరుకీ.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆ లైటు చూడండి, ఆకుపచ్చగా ఒక పక్క నుంచి మిణుకుమంటుంది, చీకట్లో సెకన్లు చదవాలంటే కళ్ళు చికిలించాలి. ముఖం మీద "వాటర్ రెసిస్ట్" అని ఉంది గానీ ఎన్ని మీటర్లో రాయలేదు, గమనించారా? అంటే చేతులు కడుక్కోవచ్చు, వానలో తడవొచ్చు. దీంతో ఈతకి దిగకండి, నీళ్ళలో బొత్తాలు అసలే నొక్కకండి. ఇంకోటి భలే ఉంటుంది. దీనికి లీపు సంవత్సరం తెలీదు. ఫిబ్రవరి అంటే ఎప్పుడూ 28 రోజులే. కాబట్టి 2028లో ఫిబ్రవరి 28 దాటగానే తేదీ మీరే సరిచేసుకోవాలి. నాలుగేళ్ళకోసారి ఆ మాత్రం సేవ చెయ్యొచ్చు.

నకిలీల సంగతి. కుడి బొత్తాన్ని మూడు సెకన్లు అలాగే నొక్కి పట్టుకుంటే తెర మీద కాసియో అని పేరు పడుతుంది. ఇదిగో, పడింది. పాతరోజుల్లో అసలుది తేల్చడానికి ఇది చాలేది. ఇప్పుడు నకిలీ చేసేవాళ్ళకీ ఆ విద్య వచ్చేసింది, కాబట్టి పేరు పడితే అసలుదే అని ఊరుకోకండి. పడకపోతే మాత్రం కచ్చితంగా అనుమానించాలి. ఫుట్‌పాత్ మీద రెండొందలకి ఇస్తున్నాడంటే ఇక పరీక్షలెందుకు, మీకే తెలుసు అదేంటో.

సరే, వాచీ పక్కన పెడదాం. ఇప్పుడు బరువైన ఐటం. అబ్బా. ఇది పోత ఇనుము పెనం.

నాన్‌స్టిక్ పెనాలు వాడినవాళ్ళకి కథ తెలిసిందే. కొత్తలో దోసె జారిపోతుంది, ఇంట్లో అందరూ మెచ్చుకుంటారు. తర్వాత ఎవరో ఒకరు స్టీలు అట్లకాడ పెడతారు, గీత పడుతుంది, ఆ గీత దగ్గర అంటుకోవడం మొదలవుతుంది, పెనం కాస్తా చపాతీలకి దిగజారుతుంది, ఆఖరికి అటక ఎక్కుతుంది. దానికి తోడు ఆ పూతని 260 డిగ్రీల పైన వేడి చెయ్యకూడదు. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద మరిచిపోయామంటే ఆ వేడి వచ్చేస్తుంది. ఇనుముకి ఈ గొడవేం లేదు. పైన పూతే లేనప్పుడు ఊడేదేముంటుంది?

దీన్ని బేగంబజార్‌లో తీసుకున్నాను. చాలా కొట్లలో ఇలాంటివి తూకానికే ఇస్తారు, కిలో లెక్కన. ఆన్‌లైన్‌లో ఇదే సరుకుకి నున్నటి డబ్బా, ఒక కథ, గోధుమరంగు తాడు కట్టి మూడింతలు తీసుకుంటారు. కొనేటప్పుడు చేత్తో ఎత్తి చూడండి. మరీ తేలిగ్గా ఉండే రేకు పెనం వద్దు, అది మంట మీద వంగుతుంది, మధ్యలో దోసె మాడుతుంది, అంచుల్లో పచ్చిగా ఉంటుంది. వేలితో కొడితే చూడండి, టంగుమంటోంది. పగులు ఉంటే ఈ మోత రాదు, బొంగురుగా వస్తుంది.

ఇక అసలు ఘట్టం, పెనాన్ని దారికి తెచ్చుకోవడం. కొత్తది ఇంటికి తెచ్చాక సబ్బు పెట్టి, పీచుతో గట్టిగా తోమండి. బూడిద రంగు నీళ్ళు దిగుతాయి, కంగారు పడకండి. పొయ్యి మీద పెట్టి తడి మొత్తం ఆరనివ్వండి. తర్వాత నాలుగు చుక్కల నూనె, పల్లీదైనా పొద్దుతిరుగుడుదైనా, వేసి గుడ్డతో మొత్తం రాయండి. ఇప్పుడు ముఖ్యమైన పని: రాసిన నూనెని పొరపాటున రాసినట్టుగా తుడిచెయ్యండి. ఇక్కడే చాలామందికి బెడిసికొడుతుంది. నూనె ఎక్కువ ఉంటే జిగట కడుతుంది. పల్చటి పొర మిగిలితే, పొగ వచ్చేదాకా కాల్చినప్పుడు ఆ నూనె మారిపోయి గట్టి నల్లటి పొరై ఇనుముకి కరుచుకుంటుంది. అది ఇక నూనె కాదు, చేత్తో ముట్టుకున్నా అంటదు. ఈ పని మూడు నాలుగు సార్లు. మన అమ్మమ్మలు సగం కోసిన ఉల్లిపాయని ఫోర్కుకో చాకుకో గుచ్చి, నూనెలో ముంచి రుద్దేది కూడా ఇందుకే. ఉల్లిపాయ పట్టుకుని రాస్తే పొర పల్చగా, సమానంగా పడుతుంది, చెయ్యీ కాలదు.

మొదటి దోసె వస్తుందా? రాదండీ. నిజం చెప్పాలి కదా. మొదటి వారం చపాతీలు, ఆమ్లెట్లు వెయ్యండి, నూనె కాస్త ధారాళంగా. తర్వాత దోసె పొయ్యండి. పెసరట్టు అన్నిటికంటే చివర. పెసరపిండి బరకగా ఉంటుంది, పైన అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు చల్లుతాం, పెనం లొంగకపోతే ముక్కలు ముక్కలుగా ఊడొస్తుంది. ఇదిగో, ఇప్పుడు వేస్తున్నా చూడండి. పెనాన్ని చిన్న మంట మీద ఐదు నిమిషాలు ముందే పెట్టాను, ఎందుకంటే పోత ఇనుము వేడెక్కడానికి బద్ధకిస్తుంది. ఒకసారి వేడెక్కిందంటే మాత్రం పిండి పడగానే చల్లబడదు. నీళ్ళు చిలకరించా, చుక్కలు ఉరుకుతున్నాయి. పిండి పోశాను. ఆ చప్పుడు వినండి. అంచులు చూడండి, వాటంతట అవే లేస్తున్నాయి. నేనింకా అట్లకాడ పెట్టనేలేదు. ఆ ఎర్రటి రంగు చూశారా, నాన్‌స్టిక్ మీద ఇంత ఎర్రగా కాలాలంటే చాలా తిప్పలు పడాలి.

జాగ్రత్తలు కొన్నే. చింతపండు, టమాటా పులుసులు ఇందులో ఉడికించకండి, ఆ పులుపు కష్టపడి కట్టిన పొరని తినేస్తుంది, కూరకి ఇనుప వాసన వస్తుంది. కడిగాక తడి ఉంచకండి, పొద్దున్నకల్లా తుప్పు. తుప్పు పట్టినా ఏడవక్కర్లేదు, తోమి మళ్ళీ నూనె కాల్చుకోవడమే. కింద మాత్రం పడెయ్యొద్దు, పోత ఇనుము పెళుసు, పగుల్తుంది. వేడి పెనాన్ని తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టినా అదే గతి.

ఇక చిన్నవి, త్వరగా చెప్పేస్తా.

గెడ్డం గీసుకునే పాత రకం రేజరు, రెండు వైపులా పదును ఉండే బ్లేడు. జిల్లెట్ దీనికి పేటెంట్ తీసుకున్నది 1904లో. బ్లేడు కొన్ని రూపాయలు, అంతే. మూడు బ్లేళ్ళు, ఐదు బ్లేళ్ళు అని అమ్మే కార్ట్రిడ్జి ఒక్కదాని డబ్బుతో ఇవి నెలల తరబడి వస్తాయి. కాకపోతే నొక్కకూడదు. కార్ట్రిడ్జికి అలవాటు పడ్డ చెయ్యి నొక్కుతుంది, ఇది కోస్తుంది. రేజరు బరువుకే వదిలెయ్యండి. గీసుకున్నాక ఇదిగో, ఈ రాయి.

పటిక. మన దగ్గర దీన్ని ఎక్కువగా చూసేది గుమ్మానికి, దిష్టికి నల్లగుడ్డలో కట్టి. గెడ్డం గీసుకున్నాక తడి ముఖం మీద ఒకసారి రాస్తే చిన్న చిన్న గాట్ల రక్తం ఆగిపోతుంది, చర్మం బిగుస్తుంది. ఎక్కడ చురుక్కుమందో అక్కడ మీ చెయ్యి ఎక్కువ ఆడిందన్నమాట. సెలూన్‌లో అన్న చివర్లో రాసేది ఇదే. మూడొందల ఆఫ్టర్‌షేవ్ సీసా చేసే పనిలో వాసన తప్ప మిగతాదంతా ఇది చేసేస్తుంది. ఎవరి రాయి వాళ్ళకే ఉండాలి సుమా, రక్తం తగిలే వస్తువు. గోదావరికి వరద వచ్చి నీళ్ళు ఎర్రగా ఉన్నప్పుడు బిందెలో పటిక తిప్పేవారు, పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. మట్టి అడుక్కి దిగుతుంది గానీ క్రిములు పోతాయని నమ్మకం లేదు, తేరాక కాచుకోవాల్సిందే.

తర్వాత ఇదిగో, తెల్ల రీలు. టెఫ్లాన్ టేప్. హార్డ్‌వేర్ షాపులో ఇరవై రూపాయలిస్తే చిల్లర కూడా రావచ్చు. తమాషా ఏంటంటే నాన్‌స్టిక్ పెనానికి పూసేదీ, ఇదీ ఒకటే పదార్థం. పెనం మీద నాకు నచ్చలేదు గానీ కుళాయికి మాత్రం దీన్ని మించింది లేదు. షవరు కలిపే చోట, కుళాయి గోడలోకి వెళ్ళే చోట నీళ్ళు ఊరుతుంటే, ఊడదీసి, పాత టేపు గీకేసి, మరలు పొడిగా తుడిచి, మర చివర మీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టండి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు టేపే ఊడిపోయి ముద్దవుతుంది. నాలుగైదు చుట్లు చాలు. అన్నిటికంటే ముందు మెయిన్ వాల్వ్ కట్టెయ్యండి బాబూ. కుళాయి మూతి నుంచి బొట్టు బొట్టుగా కారుతుంటే మాత్రం టేపు పనికిరాదు, అది లోపలి వాషరు అరుగుదల. వాషరూ చవకే లెండి.

ఇంత చెప్పాను కదా అని అన్నీ చవకవే కొనెయ్యకండి. కరెంటు, తలకాయ, మంట, ఈ మూడింటికి సంబంధించినవాటి దగ్గర నేను బేరమాడను. రోడ్డు పక్కన వంద రూపాయల ఎక్స్‌టెన్షన్ బోర్డు విప్పి చూడండి, లోపల ఇత్తడి రేకు అగ్గిపెట్టె అట్టంత పల్చగా ఉంటుంది, దాని మీద గీజరు పెడితే ఇంకేమన్నా ఉందా? చార్జర్లూ అంతే. హెల్మెట్‌కి 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది, అయినా ఫుట్‌పాత్ మీద టోపీల్లాంటివి కుప్పలు పోసి అమ్ముతూనే ఉన్నారు, పోలీసు చలానా తప్పించుకోవడానికే జనం కొంటున్నారు. గ్యాస్ పైపు, కుక్కరు గాస్కెట్టు, ఇవి కూడా కంపెనీవే తీసుకోండి. తేడా వంద, రెండొందలు. అక్కడ మిగిల్చి ఏం చేస్తాం?

లింకులు ఏవని అడుగుతారు. వాచీ ఒక్కదానికే పెట్టాను, కంపెనీ సొంత స్టోరుది. పెనం చేత్తో ఎత్తి చూసి కొనాల్సిందే, లింకు పెట్టను. పటికకి లింకేంటండీ, వీధి చివర కిరాణా కొట్లో అడగండి, ఆన్‌లైన్‌లో అయితే డెలివరీ చార్జీ దానికంటే ఎక్కువవుతుంది. ఈ పెసరట్టు చల్లారిపోతోంది, ఉంటా మరి.