ఎముకలను చదివిన చరిత్రకారుడు: డేవిడ్ కీట్లీ

శ్రోతలకు నమస్కారం.

క్రీస్తుపూర్వం 1200 ప్రాంతంలో, ఉత్తర చైనాలో, ఈనాటి హెనాన్ రాష్ట్రంలోని అన్యాంగ్ దగ్గర రాజ్యమేలిన, షాంగ్ వంశానికి చెందిన వూ డింగ్ అనే రాజుకు పన్ను నొప్పి వచ్చింది. గతించిన పెద్దల్లో ఎవరికో తన మీద కోపం వచ్చి ఉంటుందని, అందుకే ఈ బాధ అని ఆయన అనుకున్నాడు. తండ్రి తరానికి చెందిన నలుగురిలో ఆ కోపం ఎవరిదో తేల్చుకోవడానికి తాబేటి డిప్పలను కాల్పించి, వాటి మీద పడిన పగుళ్ళను బట్టి శకునం చూశాడు. తరవాత ఆ సంగతిని ఆ డిప్పల మీదే చెక్కించాడు. మూడు వేల ఏళ్ళు దాటిన తరవాత కూడా ఒక మనిషి పన్ను నొప్పి మనకు తెలుస్తున్నదంటే ఆ చెక్కడమే కారణం. అటువంటి డిప్పలను, ఎముకలను ఆధారంగా తీసుకొని ప్రాచీన చైనా చరిత్రను ఎలా రాయాలో ఇంగ్లీషు పాఠకలోకానికి పద్ధతిగా చూపించిన చరిత్రకారుడు డేవిడ్ కీట్లీ. ఆయన జీవితాన్ని, కృషిని గురించి ఈ పూట మీతో మాట్లాడతాను.

కీట్లీ 1932లో లండన్‌లో పుట్టారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక కుటుంబంతో అమెరికా చేరారు. ఆమ్‌హర్స్ట్ కళాశాలలో ఆయన చదివింది చైనా చరిత్ర కాదు, ఇంగ్లీషు సాహిత్యం. ఆ తరవాత న్యూయార్క్‌లో ఆధునిక యూరప్ చరిత్రలో ఎం.ఏ. చేసి, ప్రచురణ సంస్థల్లో సంపాదకుడిగా, పత్రికలకు రచయితగా కొన్నేళ్ళు గడిపారు. దాదాపు ముప్పై ఏళ్ళ వయసులో, 1962లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి చైనా భాషను, చరిత్రను మొదటినుంచి అభ్యసించారు. ఆ వయసులో అంత కష్టమైన భాషకు అక్షరాభ్యాసం చేయడం సామాన్యమైన సాహసం కాదు. షాంగ్ రాజుల, వారి తరవాత వచ్చిన పశ్చిమ జౌ రాజుల కాలంలో ప్రజల చేత చేయించిన నిర్బంధ శ్రమ మీద రాసిన సిద్ధాంత గ్రంథానికి 1969లో డాక్టరేటు పొంది, అదే సంవత్సరం బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరి, 1998లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే పనిచేశారు.

ఆయన జీవితమంతా అంటిపెట్టుకొని పనిచేసిన ఆ ఎముకల సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. వాటి మీద ఉన్నది ప్రాచీన లిపి అని చైనా పండితులు గుర్తించింది 1899లో. అప్పటివరకు రైతులకు పొలాల్లో దొరికిన అటువంటి పాత ఎముకలు మందుల దుకాణాలకు చేరి, పొడిగా మారి, ఔషధాల్లో కలిసిపోయేవి. 1928 నుంచి 1937 వరకు చైనా పురావస్తు శాస్త్రజ్ఞులు అన్యాంగ్‌లో పదిహేను విడతలుగా తవ్వకాలు జరిపారు. 1936లో ఒక్క గుంటలోనే 17,000కు పైగా ముక్కలు బయటపడ్డాయి.

శకునం చూసే తీరు ఇది. తాబేటి పొట్ట కింది డిప్పను గాని, పశువుల భుజం పలక ఎముకను గాని శుభ్రం చేసి, చదును చేసి, వెనకవైపు వరసగా చిన్న గుంటలు తొలుస్తారు. ఆ గుంటలో మండే కొరివిని ఆనిస్తే డిప్ప ముందువైపు టప్పుమని పగులుతుంది. నిలువుగా ఒక గీత, దాని నుంచి పక్కకు ఒక చీలిక. పగులు పక్కన దాని వరస సంఖ్యను చెక్కుతారు. ఆ రోజు పేరు, శకునం చూసినవాడి పేరు, విషయం రాస్తారు. కొన్నిసార్లు రాజు ఆ పగులును చూసి చెప్పిన మాట, తరవాత నిజంగా ఏం జరిగిందో ఆ సంగతి కూడా చేరుతాయి. మనకు ప్రభవ, విభవ అంటూ అరవై సంవత్సరాల చక్రం ఉన్నట్టే వారికి అరవై రోజుల చక్రం ఉండేది. అందువల్ల ఏ పని ఏ రోజున జరిగిందో లెక్క కట్టడం వీలవుతుంది.

ఒక్క డిప్పను దగ్గరగా చూద్దాం. వూ డింగ్ రాణుల్లో ఫూ హావో అనే ఆమె గర్భవతి. కాన్పు మంచిగా జరుగుతుందని డిప్పకు ఒక వైపున, మంచిగా జరగకపోవచ్చని రెండో వైపున చెక్కారు. రాజు పగులు చూసి, డింగ్ అనే రోజున ప్రసవిస్తే మంచిది, గెంగ్ అనే రోజున ప్రసవిస్తే మరీ శుభం అన్నాడు. ముప్పై ఒకటవ రోజున, ఆ రెండూ కాని రోజున, ఆమె ప్రసవించింది. మంచిగా జరగలేదు, ఆడపిల్ల అని ఆ శాసనం ముగుస్తుంది. చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. అయితే చరిత్రకారుడు అక్కడ ఆగిపోకూడదు. రాజు చెప్పిన మాట ఫలించలేదన్న సంగతిని అదే డిప్ప మీద ఎందుకు చెక్కి ఉంచారు? ఆ రాత ఎవరి కోసం? ఏ సంగతులు చెక్కారు, ఏవి వదిలేశారు? కీట్లీ వేసుకున్న ప్రశ్నలు ఇటువంటివి. 1976లో అన్యాంగ్‌లో ఫూ హావో సమాధి, దొంగల చేయి పడకుండా, 400కు పైగా కంచు వస్తువులతో, 700కు పైగా జేడ్ రాతి వస్తువులతో బయటపడింది. డిప్పల మీద పేరుగా మాత్రమే తెలిసిన రాణికి ఊరూ, ఇల్లూ దొరికినట్టయింది. ఆమె సైన్యాలను నడిపించిందని కూడా ఆ శాసనాలే చెబుతున్నాయి.

1978లో వెలువడిన ఆయన గ్రంథం షాంగ్ చరిత్రకు ఆధారాలైన ఎముక శాసనాల గురించినది. దానిని ఆయన వూ డింగ్ పన్ను నొప్పి సన్నివేశంతో ప్రారంభించారు. పూర్వీకుల గుడిలోకి పడుతున్న వెలుతురు, కంచు పాత్రల మీది ముఖాలు, బాధతో నిలబడిన రాజు, వరసగా ఉంచిన తాబేటి డిప్పలు, ఇవన్నీ సాహిత్యం చదివిన చేయి రాసినట్టు కనిపిస్తాయి. ఆ కొద్ది పేజీల తరవాత ఊహకు చోటు లేదు. ఏ జాతి తాబేలు, డిప్ప ఎక్కడి నుంచి వచ్చింది, గుంటలు ఎలా తొలిచారు, ఏ రాజు కాలంలో రాత ఎలా మారింది, నకిలీని ఎలా పట్టుకోవాలి అనే విషయాలను ఒక్కొక్కటిగా, ఓపికగా పరిశీలిస్తారు. నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చే గుణం ఈ నిగ్రహమే. వెయ్యేళ్ళ తరవాత రాసిన పుస్తకాల్లోని కథలను తెచ్చి షాంగ్ రాజుల నోట పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు.

ఆయన గట్టిగా వాదించిన ఒక విషయం ఉంది. డిప్పల మీద చెక్కినవి దేవతలను అడిగిన ప్రశ్నలని చాలామంది భావిస్తూ వచ్చారు. అవి ప్రశ్నలు కావని, జరగాలని కోరుకుంటున్న, లేదా జరుగుతుందేమోనని జంకుతున్న సంగతిని పూర్వీకుల ముందు మాటగా పెట్టడమని కీట్లీ అన్నారు. అలా చూస్తే శకునం చూడటం భవిష్యత్తు గురించిన కుతూహలంగా కాక, భవిష్యత్తును తనవైపు తిప్పుకొనే రాచకార్యంగా కనిపిస్తుంది.

షాంగ్ మతంలో పూర్వీకులకు తరాల క్రమం ప్రకారం వంతులవారీగా నైవేద్యాలు పెట్టడంలో, ఇంత ఇస్తే ఇంత ఫలం అనే లెక్కలో, తరవాతి చైనా అధికార యంత్రాంగపు మనస్తత్వానికి మొలకలున్నాయని కూడా ఆయన రాశారు. ఈ వాదనను తరవాతి తరం పండితుల్లో కొందరు అంగీకరించలేదు. షాంగ్‌వారు పూర్వీకులను నమ్మదగిన అధికారులుగా చూడలేదని, ఎప్పుడేం చేస్తారో తెలియని శక్తులను లొంగదీసుకోవడానికి ప్రయాసపడ్డారని వారంటారు. ఆ పన్ను నొప్పిని తలుచుకుంటే ఈ అభ్యంతరంలో బలం ఉందనే నాకు తోస్తుంది. రాజ్య స్వరూపం విషయంలో మాత్రం ఆయన చూపు చాలా నిశితమైనది. షాంగ్ రాజ్యం అంచు నుంచి అంచు వరకు గట్టిగా ఉండే తోఫు, అంటే సోయా పాలతో చేసే పన్నీరు, వంటిది కాదని, నిండా రంధ్రాలుండే గ్రూయేర్ చీజ్ వంటిదని ఆయన పోల్చారు. రాజు తన మనుషులతో కదిలే దారులూ, విడిది చేసే ఊళ్ళూ రాజ్యం. ఆ మధ్య ఖాళీల్లో ఆయన మాట వినని జనం ఉండేవారు. పటం మీద ఒకే రంగు పూసి ఇది షాంగ్ రాజ్యం అని చూపించే అలవాటుకు ఇది సరైన సమాధానం.

ప్రాచీన చైనా అధ్యయనాలకే ప్రత్యేకించిన పత్రిక ఒకటి 1975లో ఆయన పూనికతో మొదలై నేటికీ వస్తున్నది. 1986లో ఆయనకు, అమెరికాలో అసాధారణ ప్రతిభావంతులకు ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్ లభించింది. 2000లో షాంగ్ ప్రజలు కాలాన్ని, దిక్కులను, సమాజాన్ని ఎలా ఊహించుకున్నారో వివరించే పుస్తకం రాశారు. 2012లో, డాక్టరేటు కోసం తాను ఎంచుకున్న నిర్బంధ శ్రమ విషయానికే తిరిగివచ్చి, రాజు పొలాలు తెరిపించడానికి, యుద్ధాలకు జనాన్ని ఎలా కూడగట్టాడో ఎముకల సాక్ష్యంతో ఒక గ్రంథం వెలువరించారు. 2017 ఫిబ్రవరిలో, 84 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

1991లో అన్యాంగ్‌లోని హువాయువాన్‌జువాంగ్ గ్రామం దగ్గర మరో గుంట బయటపడింది. అందులోని శకునాలు రాజువి కావు, వూ డింగ్ కాలపు ఒక రాకుమారుడివి. ఆ డిప్పల మీద ఏది ముందు చెక్కారు, ఏ పగులు దేనిది, ఎవరి తరఫున చెక్కారు అని పరిశోధకులు ఇప్పుడు ఒక్కొక్కటిగా తేలుస్తున్నారు. ఈ రంగంలోకి ఇంగ్లీషు ద్వారా అడుగుపెట్టే విద్యార్థి మొదట చేతికి తీసుకోవలసిన పుస్తకం ఇప్పటికీ కీట్లీ 1978లో రాసినదే.

నమస్కారం.