రివాల్వర్ నుంచి పిస్టల్‌కి, మళ్లీ రివాల్వర్‌కి: .32లో అసలు తేడా

నమస్తే అండి. మన దగ్గర లైసెన్సు చేతికి రాగానే చాలామంది రివాల్వరే కొంటారు. కొన్నేళ్లకి పిస్టల్ మీద మనసు పోతుంది. అందులో కొందరు మళ్లీ రివాల్వర్‌కే వస్తారు. ఇది మోజు అనుకోకండి. రెండూ మొరాయించే తీరు వేరు, అది వాడితేగానీ తెలీదు.

9 ఎంఎం, .38 నిషిద్ధ బోరు (బోరంటే గొట్టం లోపలి సైజు), మామూలు లైసెన్సు మీద రావు. అందుకే బేరమంతా .32 దగ్గరే. పైగా 2019 సవరణ తర్వాత ఒకరి పేరు మీద రెండు ఆయుధాలే. ఇంట్లో పాత 12 బోరు తుపాకీ ఉంటే, ఇక మిగిలింది ఒక్కటే.

ముందు తూటా సంగతి. కాన్పూర్ సర్కారు ఫ్యాక్టరీ రివాల్వర్‌కి .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, అశని అనే సర్కారు పిస్టల్‌కి .32 ఏసీపీ. రెండూ వేర్వేరు తూటాలు. షాపులో ఉత్తి ".32" అని అడిగి ఊరుకోకండి, పెట్టె మీద పేరు చదవండి.

"రివాల్వర్ జామ్ కాదు" అంటారు. సగమే నిజం. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగితే పక్క తూటా వస్తుంది, అంతవరకు బానే ఉంది. రేంజ్‌లో మాత్రం అలా లాగొద్దు. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలతాయి, గొట్టం టార్గెట్ వైపే పెట్టి 30 సెకన్లు ఆగండి. కాన్పూర్ మోడల్ పైనుంచి విరిచి తెరిచే రకం. తెరవగానే ఎక్స్‌ట్రాక్టర్ అనే భాగం ఆరు కేసుల్నీ (తూటా గుల్లల్ని) పైకి లేపుతుంది. నెమ్మదిగా తెరిస్తే ఒక కేసు రిమ్ (అడుగు అంచు) జారి ఎక్స్‌ట్రాక్టర్ కిందకి దూరుతుంది. ఇక తుపాకీ మూసుకోదు, గోటితో పీకాల్సిందే. కాస్త పక్కకి వాల్చి, ఒక్క ఊపున తెరవండి.

పిస్టల్ ఎక్కువసార్లు ఆగుతుంది, కానీ తొందరగా తేరుకుంటుంది. తూటా ఎక్కకపోతే మ్యాగజైన్ (పిడిలో దూర్చే తూటాల డబ్బా) అడుగున చరిచి, స్లైడ్ (పైన జారే భాగం) వెనక్కి లాగి వదిలితే చాలు. ఒక్క చోట మాత్రం ఈ వైద్యం పనిచేయదు. ఏసీపీ తూటాకి చిన్న రిమ్ ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా రిమ్, కింది దాని రిమ్ వెనక్కి పోయిందంటే రెండూ లాక్కుంటాయి, స్లైడ్ ఎంత లాగినా లాభం లేదు. మ్యాగజైన్ తీసి చేత్తో విడదీయాలి. నింపేటప్పుడే పై రిమ్ కింది రిమ్‌కి ముందుండేలా చూసుకోండి. పొట్టి తూటాలైతే మ్యాగజైన్‌లో ముందుకీ వెనక్కీ ఆడతాయి, వాటితో ఈ బెడద ఎక్కువ.

ఖాళీ చేసేటప్పుడు మ్యాగజైన్ ముందు, స్లైడ్ తర్వాత. తిరగేశారా, బయటికొచ్చిన తూటా స్థానంలో ఇంకోటి ఛాంబర్‌లోకి (తూటా పేలే గదిలోకి) ఎక్కి కూర్చుంటుంది. ఇంట్లో జరిగే ప్రమాదాల్లో ఇదో పాత దారి. రివాల్వర్ తెరిస్తే ఆరు గదులూ కళ్ల ముందుంటాయి, అక్కడ ఈ గొడవ లేదు.

ఏడాదికి ఒక పెట్టె కూడా కాల్చనివాళ్లకి రివాల్వరే అంటాను. క్లబ్బుకెళ్లి సాధన చేసేవాళ్లకి పిస్టల్. ఏది కొన్నా నూనె మాత్రం పలచగా పూయండి. ఎక్కువైతే ప్రైమర్‌లోకి (తూటా అడుగున నిప్పు రాజేసే బిళ్లలోకి) ఇంకి, బీరువాలో ఉన్న తూటాలే తుస్సుమంటాయి.