రిఫరెన్స్ లిస్టు చివరి రాత్రి పని కాదు

అందరికీ నమస్కారం అండి. సైటేషన్ ఫార్మాటింగ్, అంటే మనం వాడుకున్న పేపర్ల వివరాలు రాసే పద్ధతి, అనగానే కామాలు, ఫుల్‌స్టాప్‌ల గొడవ అనుకుంటాం, నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నా. అందుకే ముందు ఒక పేపర్ గురించి చెప్తా, తర్వాత కామాల దగ్గరికి వద్దాం.

వాన్ డెర్ గీర్ అనే ఆయన ఇంకో ఇద్దరితో కలిసి 2000లో రాసినట్టు ఒక పేపర్ ఉంది, సైంటిఫిక్ ఆర్టికల్ ఎలా రాయాలో చెప్పే పేపర్ అన్నట్టు టైటిల్, వాల్యూమ్ 163, పేజీలు 51 నుంచి 59. దీన్ని వందల పేపర్ల వాళ్ళు తమ రిఫరెన్స్ లిస్టుల్లో పెట్టుకున్నారు. కానీ అలాంటి పేపర్ అసలు లేదు. అది ఒక పెద్ద పబ్లిషర్ తన ఆథర్ గైడ్‌లో "రిఫరెన్స్ ఇలా రాయండి" అని చూపించడానికి పెట్టిన నమూనా, అంతే. టెంప్లేట్ దించుకున్నవాళ్ళు ఆ లైన్ తీసేయకుండా తమవి కింద రాసుకుంటూ పోయారు. 2017లో గానీ ఈ సంగతి బయటపడలేదు. ఇందులో నన్ను బాగా ఆలోచనలో పడేసింది ఏంటంటే, ఆ రిఫరెన్స్ ఫార్మాట్‌లో ఏ తప్పూ లేదు. ఇంటిపేరు, ఇనిషియల్స్, ఏడాది, వాల్యూమ్, పేజీలు అన్నీ ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి, రివ్యూయర్ (అచ్చుకి ముందు పేపర్ చదివి చూసే నిపుణులు) కన్ను దాని మీద ఆగడానికి కారణమే లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. 2003లో సిమ్‌కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు ఒక పని చేశారు. 1973లో వచ్చిన ఒక ప్రసిద్ధ ఫిజిక్స్ పేపర్‌ని సైట్ చేసిన దాదాపు 4300 చోట్లు తీసుకుని, అందులో తప్పుగా రాసినవి ఎన్ని అని చూశారు. 196 తప్పులు దొరికాయి. కానీ వేర్వేరు రకాల తప్పులు 45 మాత్రమే, ఒక పేజీ నంబర్ తప్పు అయితే అచ్చం అలాగే 78 సార్లు వచ్చింది. 78 మంది ఎవరికి వాళ్ళు కూర్చుని ఒకే అంకెని ఒకేలా తప్పు కొట్టరు కదా. ఒకళ్ళు తప్పు రాస్తే మిగతావాళ్ళు అక్కణ్ణుంచి కాపీ చేశారు. దాన్నిబట్టి వాళ్ళు లెక్క వేసింది, సైట్ చేసేవాళ్ళలో అసలు పేపర్ తెరిచి చదివేది సుమారు 20 శాతమే అని.

నా మొదటి పేపర్‌లో నేనూ ఇదే చేశాను. వేరే పేపర్ రిఫరెన్స్ లిస్టులోంచి ఒక ఎంట్రీ ఎత్తి నా దాంట్లో పెట్టుకున్నా, ఒరిజినల్ తెరవలేదు. రివ్యూయర్ ఒకే ఒక్క లైన్ రాశారు, "ఈ పేజీలో మీరు చెప్పిన విషయం లేదు" అని. వెళ్ళి చూస్తే పేజీ నంబర్ తప్పు, సరైన పేజీ వెతికి చదివితే అక్కడ ఆథర్ చెప్పింది నేను రాసినదానికి దాదాపు వ్యతిరేకం. ఆ సెక్షన్ మొత్తం మళ్ళీ రాశాను. అప్పట్నుంచి నా రూల్ ఒకటే, రిఫరెన్స్‌లోని ప్రతి ముక్కా ఆ పేపర్ మొదటి పేజీ నుంచి నా కళ్ళతో చూసి తీసుకోవాలి, అది కూడా చదివిన రోజే. స్టైల్ అనేది ఆ తర్వాత సంగతి.

సరే, ఆ ముక్కలు ఏంటో ఒక నిజమైన పేపర్ పెట్టుకుని చూద్దాం. డీఎన్‌ఏ రెండు పేటల మెలిక అని చెప్పిన వాట్సన్, క్రిక్‌ల పేపర్ అందరికీ తెలుసు. నేచర్ జర్నల్, 1953 ఏప్రిల్ 25, వాల్యూమ్ 171, ఇష్యూ 4356, పేజీలు 737, 738. ప్రపంచాన్ని మార్చిన పేపర్, ఉన్నది రెండు పేజీలే.

ఏపీఏ, అంటే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ స్టైల్‌లో ఇది ఇలా వస్తుంది: వాట్సన్, జె. డి., & క్రిక్, ఎఫ్. హెచ్. సి. (1953). తర్వాత టైటిల్, ఫుల్‌స్టాప్. తర్వాత నేచర్, 171(4356), 737–738. చివర డీఓఐ లింకు, అంటే ఆ ఆర్టికల్‌కి ఇచ్చిన మారని ఐడీ. ఇక్కడ జర్నల్ పేరూ వాల్యూమ్ నంబరూ ఇటాలిక్స్‌లో ఉంటాయి, ఇష్యూ నంబర్ బ్రాకెట్‌లో ఉంటుంది కానీ ఇటాలిక్ కాదు, వాల్యూమ్‌కీ బ్రాకెట్‌కీ మధ్య స్పేస్ ఉండదు. ఆర్టికల్ టైటిల్‌లో మొదటి పదానికి, కోలన్ తర్వాతి పదానికి, మనుషుల పేర్లూ ఊళ్ళ పేర్లూ లాంటివాటికి మాత్రమే పెద్దక్షరం, మిగతావన్నీ చిన్నక్షరాలు. జర్నల్ పేరు మాత్రం ఆ జర్నల్ ఎలా రాసుకుంటే అలాగే. ఇంగ్లీష్‌లో రాసేటప్పుడు ఎక్కువ మంది పప్పులో కాలేసేది ఈ పెద్దక్షరాల దగ్గరే.

అదే పేపర్ మెడికల్ జర్నల్‌కి పంపితే వ్యాంకూవర్ స్టైల్ అడుగుతారు. 1978లో కొందరు మెడికల్ జర్నల్ ఎడిటర్లు వ్యాంకూవర్‌లో కూర్చుని మాట్లాడుకోవడంతో మొదలైంది కాబట్టి ఆ పేరు. అక్కడ ఇనిషియల్స్‌కి చుక్కలుండవు, ఇంటిపేరు తర్వాత కామా ఉండదు: వాట్సన్ జెడి, క్రిక్ ఎఫ్‌హెచ్‌సి. ఆ తర్వాత టైటిల్, తర్వాత నేచర్. 1953 ఏప్రిల్ 25;171(4356):737-8. ఏడాది చివరికి పోయింది, నెలా తేదీ కూడా వచ్చాయి, పేజీ నంబర్ 738 కాస్తా ఉత్త 8 అయింది. ఎంఎల్ఏ, అంటే మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ స్టైల్‌లో అయితే రెండో ఆథర్ పేరు తిరగెయ్యరు, ఎఫ్. హెచ్. సి. క్రిక్ అనే రాస్తారు, టైటిల్ కోట్స్‌లో పెడతారు, పేజీలు 737–38. ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ స్టైల్‌లో ఇద్దరికీ ఇనిషియల్సే ముందు.

నాలుగు స్టైల్స్ అయ్యాయి, అన్నిట్లో ఉన్న సమాచారం ఇంచుమించు అదే. మీ దగ్గర ముక్కలన్నీ కరెక్టుగా ఉంటే ఏ స్టైల్‌కైనా పావుగంటలో మార్చేయొచ్చు, ముక్కే తప్పైతే నాలుగు స్టైల్స్‌లోనూ తప్పే. అందుకే ఏ స్టైల్ మంచిది అని ఎవరైనా వాదన పెట్టుకుంటే నేను అందులోకి దిగను, మీరు పంపే జర్నల్ గైడ్ ఏది అడిగితే అదే మంచిది. ఆ గైడ్ కూడా ఈ ఏడాదిదేనా చూసుకోండి, ఎందుకంటే స్టైల్స్ కూడా మారుతుంటాయి. ఏపీఏ ఆరో ఎడిషన్‌లో ఎనిమిది మంది అంతకన్నా ఎక్కువ ఆథర్లుంటే మొదటి ఆరుగురి పేర్లు రాసి, మూడు చుక్కలు పెట్టి, చివరి ఆథర్ పేరు రాసేవాళ్ళం. ఏడో ఎడిషన్ వచ్చాక ఇరవై మంది దాకా అందరి పేర్లూ రాయాలి, ఇరవై ఒకరు అంతకన్నా ఎక్కువ ఉంటేనే మొదటి పంతొమ్మిది మంది, చుక్కలు, చివరాయన. షికాగో మాన్యువల్ అని ఇంకో స్టైల్ పుస్తకం 1906 నుంచి వస్తోంది, 2024లో 18వ ఎడిషన్ దాకా వచ్చింది. పాత పీడీఎఫ్ చూసి రాస్తే పాత రూలే వస్తుంది మరి.

ఇక వాక్యం లోపల ఇచ్చే సైటేషన్. ఏపీఏలో బ్రాకెట్ లోపల అయితే (వాట్సన్ & క్రిక్, 1953), వాక్యంలో కలిపేస్తే వాట్సన్ అండ్ క్రిక్ (1953). బ్రాకెట్ లోపల ఆ గుర్తు, బయట అండ్ అనే మాట. ముగ్గురు అంతకన్నా ఎక్కువ ఉంటే మొదటిసారి నుంచే మొదటి ఆథర్ పేరు, పక్కన ఎట్ ఆల్. ఇది లాటిన్, "ఇంకా మిగతావాళ్ళు" అని అర్థం. ఇందులో ఎట్ పూర్తి మాట కాబట్టి దాని తర్వాత చుక్క ఉండదు, ఆల్ అనేది కుదించిన మాట కాబట్టి దానికి చుక్క ఉంటుంది. ఈ కారణం ఒక్కసారి తెలిస్తే మళ్ళీ జన్మలో తప్పు రాయరు, నేను దీన్ని ఎవరికి చెప్పినా "ఓ అందుకా" అంటారు. అలాగే ఒకే ఆథర్ ఒకే ఏడాదిలో రెండు పేపర్లు రాస్తే ఏడాది పక్కన ఎ, బి అని పెడతాం, లోపలా లిస్టులోనూ రెండు చోట్లా ఒకేలా ఉండాలి.

వ్యాంకూవర్, ఐఈఈఈ లాంటి నంబర్ల స్టైల్‌లో, అంటే వాక్యంలో పేరు బదులు నంబర్ పెట్టేచోట, కష్టం వేరే రకం. మొదట కనిపించినదానికి 1, తర్వాతదానికి 2, అలా. చేత్తో నంబర్లు వేసుకుంటూ పోయి ఆఖర్న సూపర్‌వైజర్ "ఈ పేరా పైకి తీసుకెళ్ళు" అన్నారనుకోండి, 14 కాస్తా 6 అవుతుంది, 6 నుంచి 13 దాకా అన్నీ ఒక్కో అంకె జరగాలి, ఎక్కడో ఒకటి మిగిలిపోతుంది. చదివేవాళ్ళు 9 అని చూసి లిస్టుకి వెళ్తే అక్కడ వేరే ఎవరిదో పేపర్. ఈ పని సాఫ్ట్‌వేర్‌కే ఇవ్వాలి, ఇందులో రెండో మాట లేదు. జోటెరో ఫ్రీ, 2006 నుంచి ఉంది. మెండెలే ఉంది, ఎండ్‌నోట్ ఉంది, లేటెక్ (పేపర్లు టైప్‌సెట్ చేసే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళకి బిబ్‌టెక్ ఉంది. ఏదైనా ఒకటి పట్టుకోండి.

కానీ సాఫ్ట్‌వేర్ ఇచ్చింది చూసుకోకుండా వాడితే మళ్ళీ మొదటికే వస్తాం, ఎందుకంటే అది డేటాబేస్‌లో ఏముందో అదే తెస్తుంది. టైటిల్ మొత్తం క్యాపిటల్స్‌లో వస్తుంది, ఇష్యూ నంబర్ మిస్సవుతుంది, ఆన్‌లైన్‌లో ముందుగా వచ్చిన ఏడాదే ఉండిపోతుంది, తర్వాత వాల్యూమ్ ఇచ్చినా అప్‌డేట్ కాదు. బిబ్‌టెక్‌లో ఒకటి నా కళ్ళారా చాలాసార్లు చూశాను. ఆథర్ దగ్గర వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్ అని మామూలుగా టైప్ చేస్తే అది మనిషి పేరు అనుకుని ఆర్గనైజేషన్ అనేది ఇంటిపేరుగా తీసుకుంటుంది, అచ్చులో "ఆర్గనైజేషన్, డబ్ల్యూ. హెచ్." అని వస్తుంది. సంస్థ పేరు చుట్టూ ఇంకో జత మీసాల బ్రాకెట్లు పెడితే ఆగిపోతుంది. జోటెరోలో అయితే టైటిల్స్‌ని ఎప్పుడూ చిన్నక్షరాల పద్ధతిలోనే దాచుకోండి, మొదటి పదానికీ పేర్లకీ మాత్రమే పెద్దక్షరం. చిన్నవాటిని పెద్దవి చేయడం సాఫ్ట్‌వేర్‌కి తేలిక, పెద్దవాటిని చిన్నవి చేయాలంటే ఏది మనిషి పేరో ఏది మామూలు మాటో దానికి తెలియదు.

మనుషుల పేర్ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలండి, ఎందుకంటే ఇది ఎదుటివాళ్ళ గౌరవానికి సంబంధించింది. చైనా, కొరియా, హంగేరీ పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది, కొందరు ఇంగ్లీష్ పేపర్ల కోసం దాన్ని తిరగేసి రాస్తారు, కొందరు అలాగే ఉంచుతారు. స్పానిష్ పేర్లలో రెండు ఇంటిపేర్లు ఉంటాయి, రెండోది మాత్రమే తీసుకుంటే ఆ మనిషి వేరే మనిషైపోతాడు. ఏళ్ళ తరబడి చేసిన పని ఆయన పేరు మీద లెక్కకి రాదు. అనుమానం వస్తే ఆథర్ ఓర్కిడ్ పేజీ చూడండి, 2012 నుంచి నడుస్తున్న పదహారు అంకెల ఐడీ అది, లేదంటే ఆ ఆథర్ తన వేరే పేపర్లలో తననెలా సైట్ చేసుకున్నారో చూడండి. మూడు నిమిషాల పని.

డీఓఐ గురించి. ప్రతి డీఓఐ 10 చుక్కతో మొదలవుతుంది, స్లాష్‌కి ముందు భాగం రిజిస్టర్ చేసుకున్న పబ్లిషర్ది, తర్వాతది ఆ ఆర్టికల్‌ది. వాట్సన్, క్రిక్‌ల పేపర్‌ది 10.1038తో మొదలవుతుంది, నేచర్ వాళ్ళది అదే. జర్నల్ వెబ్‌సైట్ మారినా, పబ్లిషర్ చేతులు మారినా, కొత్త అడ్రస్ నమోదు చేస్తే చాలు, ఈ లింకు మనల్ని అక్కడికే తీసుకెళ్తుంది. ఏపీఏలో ఇప్పుడు దీన్ని పూర్తి లింకుగా రాయాలి, చివర ఫుల్‌స్టాప్ పెట్టకూడదు, పెడితే అది కూడా లింకులో కలిసిపోయి తెరుచుకోకపోవచ్చు. రాసిన ప్రతి డీఓఐని క్లిక్ చేసి చూడండి. అన్నీ. ముఖ్యంగా ఏఐ చాట్‌బాట్‌ని అడిగి తెచ్చుకున్న రిఫరెన్స్ ఒక్కటైనా ఉంటే మరీనూ, ఎందుకంటే అవి నిజమైన ఆథర్ పేరు, నిజమైన జర్నల్ పేరు కలిపి లేని పేపర్‌ని పుట్టించగలవు, ఫార్మాట్ మాత్రం ఎక్కడా వంక పెట్టలేనట్టు ఉంటుంది. ఇందాకటి వాన్ డెర్ గీర్ కథ గుర్తుందిగా.

చాలా ఆన్‌లైన్ జర్నల్స్‌లో ఇప్పుడు పేజీ నంబర్లు లేవు, ఆర్టికల్ నంబర్ ఉంటుంది. అలాంటప్పుడు పీడీఎఫ్‌లో ఒకటి నుంచి పన్నెండు పేజీలున్నాయి కదా అని 1–12 అని రాయకండి, ఏపీఏ అయితే ఆర్టికల్ అనే మాట రాసి ఆ నంబర్ ఇవ్వండి. జర్నల్ పేరు కుదించమంటే మీ ఇష్టమొచ్చినట్టు కుదించకూడదు, దానికి స్టాండర్డ్ లిస్టులున్నాయి, ఒకే మాట ఉన్న పేర్లు, నేచర్, సైన్స్ లాంటివి, అసలు కుదించరు. ప్రీప్రింట్, అంటే జర్నల్‌లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టిన వెర్షన్, చదివి రాసుంటే, పంపే ముందు అది జర్నల్‌లో వచ్చిందేమో చూసి, వచ్చుంటే ఆ వెర్షన్ చదివి దాన్నే ఇవ్వండి, నంబర్లు మారి ఉండొచ్చు.

చివరిగా, పంపే రోజు ఒకసారి మీ లిస్టులో ఏదైనా రిట్రాక్ట్ అయిందేమో, అంటే అచ్చయ్యాక వెనక్కి తీసుకున్నారేమో, చూసుకోండి. జోటెరో 2019 నుంచి రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌తో పోల్చి, అలాంటిది మీ లైబ్రరీలో ఉంటే ఎర్రగా చూపిస్తోంది. వెనక్కి తీసుకున్న పేపర్ మీద మన వాదన నిలబెడితే అది మనతో ఆగదు, మనల్ని నమ్మి సైట్ చేసినవాళ్ళ దాకా పోతుంది.

ఇక ప్రశ్నలకి వెళ్ళేముందు ఒక పని చేద్దాం. మీ డ్రాఫ్ట్ తెరిచి, రిఫరెన్స్ లిస్టులో ఏడోది చూడండి, ఆ పేపర్ మొదటి పేజీ పక్కన తెరిచిపెట్టి ఒక్కో ముక్కా పోల్చండి. పది నిమిషాలు తీసుకోండి, తేడా కనిపించినవాళ్ళు చెయ్యెత్తండి, అక్కణ్ణుంచి మాట్లాడుకుందాం.