75 కేజీల రిసీవర్‌ని పదో నంబర్‌లో తీసుకోవచ్చా? డెవాంటా స్మిత్ కాలేజీ ఫిల్మ్ మళ్ళీ చూద్దాం

నమస్తే అండీ. ఇవాళ్టి వీడియో కొత్త కుర్రాడి గురించి కాదు. రిజల్ట్ ఎప్పుడో వచ్చేసిన పేపర్‌ని మళ్ళీ దిద్దబోతున్నాం. ఎందుకంటే ఆ పేపర్ దిద్దినప్పుడు నేను మార్కులు తప్పు వేశాను. ఆ నోట్‌బుక్ ఇదిగో, ఇక్కడే ఉంది. చివర్లో తెరుస్తాను.

2021 ఏప్రిల్, ఇండియానాపొలిస్. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌కి, అంటే టీమ్‌లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే కార్యక్రమానికి, ముందు ఏటా కంబైన్ అని ఒకటి పెడతారు. కాలేజీ ఆటగాళ్ళని ఒకచోట చేర్చి, పరిగెత్తించి, గెంతించి, కొలతలు తీసుకునే సంత అనుకోండి. ఆ ఏడాది కోవిడ్ వల్ల పరుగులు, గెంతులు లేవు, మెడికల్ చెకప్‌లు మాత్రం చేశారు. అక్కడ అలబామా యూనివర్సిటీ రిసీవర్ డెవాంటా స్మిత్ వెయింగ్ మెషిన్ ఎక్కాడు. 166 పౌండ్లు. అంటే 75 కేజీలు. ఎత్తు ఆరడుగులు. మన దగ్గర పెళ్ళిచూపులకి వెళ్తే ‘అబ్బాయి బాగున్నాడు, కాస్త సన్నం’ అని ఊరుకుంటారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇతని ఎదురుగా నిలబడే కార్నర్‌బ్యాక్ 85, 90 కేజీలు ఉంటాడు. వెనకాల నుంచి దూసుకొచ్చే సేఫ్టీ (డిఫెన్స్‌లో చివరి కాపలాదారు) ఇంకా బరువు. అందుకే ఆ 166 అనే నంబర్ బయటికి రాగానే స్కౌట్లకీ, నాలాంటి సోఫా స్కౌట్లకీ టెన్షన్ మొదలైంది.

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆట నడిపిస్తూ బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. ఆ బంతిని పరిగెత్తుతూ పట్టుకునేవాడు రిసీవర్. అతని మీద కాపలా కాసేవాడు కార్నర్‌బ్యాక్. ఎదుటివాళ్ళ చివరి గీత అవతల ఉండే ఎండ్‌జోన్‌లోకి బంతి చేరిస్తే టచ్‌డౌన్. దూరాలు యార్డుల్లో చెప్తారు. యార్డ్ అంటే మన గజమే, మూడడుగులు. ఇక డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్‌లో లాగా వేలంపాట కాదు. కిందటేడాది అడుగున ఉన్న టీమ్‌కి ముందు ఛాన్స్, అలా వరసలో ఒక్కొక్కరినీ ఎంచుకుంటూ పోతారు. మొదటి పదిలో ఎంచుకున్నవాడు తేలిపోతే కోచ్, మేనేజర్ ఉద్యోగాలకే ఎసరు.

సరే, ఫైల్ తెరుద్దాం. 2020 సీజన్‌లో 117 క్యాచ్‌లు, 1,856 గజాలు, 23 టచ్‌డౌన్లు. కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్ద అవార్డు హైస్‌మన్. మామూలుగా అది క్వార్టర్‌బ్యాక్‌ల ఇంటికే వెళ్తుంది. రిసీవర్‌కి రావడం 1991లో మిషిగన్ ఆటగాడు డెస్మండ్ హోవర్డ్ తర్వాత ఇదే మొదటిసారి. నాలుగేళ్ళ లెక్క చూస్తే 235 క్యాచ్‌లు, 3,965 గజాలు, 46 టచ్‌డౌన్లు.

ఇంత చూశాక ఇంకా ఆలోచించేదేముంది అంటారా? ఉందండీ. కాలేజీ అంకెల్ని నమ్మి మునిగిన టీమ్‌లు బోలెడన్ని. అలబామా లాంటి టీమ్‌లో పదకొండు మందిలో సగం మంది రేపో మాపో ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళేవాళ్ళే ఉంటారు. 2019లో అక్కడ రిసీవర్లు ఎవరో చూడండి: జెర్రీ జ్యూడీ, హెన్రీ రగ్స్, జేలెన్ వాడెల్, స్మిత్. నలుగురినీ తర్వాత డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లోనే తీసుకున్నారు. అలాంటి చోట ఎవరి అంకె ఎవరిదో తేల్చడం కష్టం.

అందుకే నేను ఇప్పుడు ఒకే పని చేస్తున్నాను. ప్రతి టచ్‌డౌన్ దగ్గరా ఆగి, ‘ఇది ఇతనిదా, కోచ్‌దా?’ అని అడుగుతున్నాను.

2021 జనవరి 11, మయామీ, నేషనల్ ఛాంపియన్‌షిప్. ఒహాయో స్టేట్ మీద 52–24తో గెలిచారు. స్మిత్ ఫస్ట్ హాఫ్‌లోనే 12 క్యాచ్‌లు, 215 గజాలు, 3 టచ్‌డౌన్లు. సెకండ్ హాఫ్ మొదట్లోనే వేలికి దెబ్బ తగిలి బయటికి వెళ్ళిపోయాడు. అంటే ఆ అంకెలన్నీ సగం మ్యాచ్‌వే. హైలైట్లలో అందరూ చూపించేది ఆ మూడో టచ్‌డౌన్, 42 గజాలది. కానీ దాన్ని ఒక్కసారి నెమ్మదిగా చూడండి. క్లిప్ వేస్తే కాపీరైట్ కొడుతుంది కాబట్టి బోర్డు మీద గీస్తున్నాను. ఇదిగో స్మిత్, ఔట్‌సైడ్‌లో కాదు, లోపలివైపు నిలబడ్డాడు. అతని మీదకి వచ్చింది కార్నర్‌బ్యాక్ కాదు, టఫ్ బోర్లాండ్, లైన్‌బ్యాకర్. పరుగు ఆపడానికి పుట్టిన పొజిషన్ అది. నలభై గజాలు స్మిత్ వెనకాల పరిగెత్తమనడం ఆ లైన్‌బ్యాకర్‌కి అన్యాయం. ఆ జోడీని కుదిర్చినవాడు ఆఫెన్స్ నడిపించే కోచ్ స్టీవ్ సార్కిసియన్. ఆటగాళ్ళని అటూ ఇటూ జరిపి, ఎదుటివాళ్ళ లెక్క తప్పించి ఈ పరిస్థితి తెచ్చిపెట్టాడు. కాబట్టి ఆ టచ్‌డౌన్‌కి నేను స్మిత్ ఖాతాలో వేసేది పావు మార్కు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలాంటి బహుమతులు వారం వారం దొరకవు.

ఇప్పుడు ఇంకోటి. 2020 డిసెంబర్ 5, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) గ్రౌండ్. స్మిత్ సొంత రాష్ట్రం లూసియానా. ఆ మ్యాచ్‌లో 8 క్యాచ్‌లు, 231 గజాలు, 3 టచ్‌డౌన్లు. వాటిలో ఒకటి ఎండ్‌జోన్‌లో గాల్లోకి లేచి ఒంటిచేత్తో అందుకున్నది. కాపలా ఎవరు? డెరెక్ స్టింగ్లీ జూనియర్. ఆ కుర్రాణ్ణి 2022 డ్రాఫ్ట్‌లో హ్యూస్టన్ టెక్సాన్స్ మూడో నంబర్‌లో తీసుకున్నారు. అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎదురుపడబోయే సైజు, వేగం, తెలివి అన్నీ ఆ రోజే ఎదురుగా నిలబడ్డాయి. స్టింగ్లీ తప్పేమీ చెయ్యలేదు, పక్కనే ఉన్నాడు, చెయ్యి కూడా లేపాడు. అయినా బంతి స్మిత్ చేతికే అతుక్కుంది. ఇందులో కోచ్ వాటా దాదాపు సున్నా. దీనికి నిండు మార్కు.

గజాల్లో కొలిస్తే బోర్లాండ్ మీద వచ్చినదే పెద్దది. స్కోరు కార్డు చూసేవాడికి అదే గొప్ప. ఫిల్మ్ చూసేవాడికి రెండోది.

ఇంకో విషయం కూడా లెక్కలోకి రావాలి. 2020 అక్టోబర్‌లో టెనెసీ మ్యాచ్‌లో మొదటి కిక్‌కే వాడెల్ చీలమండ విరిగింది. అప్పటిదాకా డిఫెన్స్‌లు ఇద్దరినీ చూసుకోవాలి. ఆ తర్వాత బంతి ఎవరికి వెళ్తుందో స్టేడియంలో వేరుశెనక్కాయలు అమ్మేవాడికి కూడా తెలుసు. అయినా ఆపలేకపోయారు. తోడు పోయాక అంకెలు పడిపోతే అనుమానించాలి. ఇక్కడ పెరిగాయి.

ఇప్పుడు అసలు సంగతికి, బరువుకి వద్దాం. ఇక్కడ కొంచెం దగ్గరికి రండి, కెమెరా కిందికి తిప్పుతున్నాను.

ఇదిగో ఈ కాఫీ కప్పు కార్నర్‌బ్యాక్. ఈ పెన్ను మూత స్మిత్. ఇద్దరి మధ్యా గజం దూరం కూడా లేదు. దీన్ని ప్రెస్ అంటారు. ఆట మొదలవగానే కప్పు చేసే పని మూత గుండెల మీద రెండు చేతులూ వేసి ఆపడం, పక్కకి నెట్టడం. ఎన్‌ఎఫ్‌ఎల్ రూల్ ప్రకారం ఇది మొదటి ఐదు గజాల్లోనే. అది దాటాక చేతులు వేస్తే పెనాల్టీ. అంటే సన్నగా ఉన్నవాడికి గండమంతా ఆ ఐదు గజాల్లోనే. అక్కడ చిక్కుకున్నాడా, టైమింగ్ మొత్తం పోతుంది, క్వార్టర్‌బ్యాక్ వేరేవాణ్ణి వెతుక్కుంటాడు.

మరి స్మిత్ ఏం చేస్తాడు? మూతని చూడండి. ముందుకి రాడు. ఎడమకి ఒక చిన్న అడుగు, భుజం కూడా అటే వంగుతుంది. కప్పు బరువు అటు వాలుతుంది. వాలిందీ లేదో, కుడికి. కబడ్డీలో మంచి రైడర్ బోనస్ గీత దగ్గర కాలు చూపించి వెనక్కి తీసుకుంటాడే, సరిగ్గా అదే. కార్నర్ చెయ్యి చాచేసరికి ఛాతీ అక్కడ ఉండదు. దొరికిన చేతిని కూడా తన చేత్తో కిందికి కొట్టేసి పోతాడు. దీన్ని రిలీజ్ అంటారు. నేను రివైండ్ చేసి చూసిన స్నాప్‌లలో, అంటే ఒక్కో ప్లేలో, ఎక్కువసార్లు ఇతని ఒంటి మీద ఎవరి చేతులూ నిండుగా పడలేదు. చెయ్యే పడనివాడి బరువుతో పనేముంది? ప్రెస్‌ని విదిలించుకునే నేర్పు లేకపోతే 95 కేజీల వాడు కూడా అక్కడే ఇరుక్కుంటాడు.

అలాగని బరువు గురించి అడగడమే తప్పు అనను. అడగాల్సిందే. బంతి పట్టుకున్నాక మీద పడే దెబ్బని ఏ రిలీజూ తప్పించదు. పరుగు ఆటలో రిసీవర్ కూడా అడ్డం నిలబడి బ్లాక్ చెయ్యాలి. స్మిత్ దానికి వెనకాడడు, కానీ పెద్దవాళ్ళు ఇతన్ని తోసుకుంటూ వెళ్ళిన స్నాప్‌లూ ఉన్నాయి. అక్కడ మార్కులు తగ్గించాను.

వేగం సంగతి? నలభై గజాల పరుగు ఇతను పరిగెత్తలేదు. దాని గురించి కూడా అప్పట్లో గొణిగారు. నాకైతే అది పెద్ద లోటు కాదు. 2017లో జాన్ రాస్ అని ఒకతను 4.22 సెకన్లలో పరిగెత్తాడు, అప్పటికి రికార్డు. సిన్సినాటి తొమ్మిదో నంబర్‌లో తీసుకుంది. మొదటి సీజన్‌లో ఒక్క క్యాచ్ కూడా లేదు. స్టాప్‌వాచ్‌కి కార్నర్‌బ్యాక్ ఎదురుగా నిలబడడు కదా.

ఇంకో చిన్న ముక్క. కాలేజీలో సైడ్‌లైన్ దగ్గర ఒక్క పాదం లోపల పడితే క్యాచ్ చెల్లుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండూ పడాలి. అందుకని నేను కాలేజీ క్యాచ్‌ల్లో రెండో పాదం ఎక్కడ పడిందో చూస్తాను. స్మిత్ అవసరం లేకపోయినా రెండో పాదాన్ని కూడా లోపల ఈడ్చేవాడు. ముందే రేపటి పరీక్షకి చదువుకుంటున్నట్టు.

సరే, డ్రాఫ్ట్. ఆ ఏడాది రిసీవర్లలో ముందు వెళ్ళింది జమార్ చేజ్, ఐదో నంబర్, సిన్సినాటికి. ఆరో నంబర్ వాడెల్, మయామీకి. అవును, అలబామాలో గాయపడిన వాడెల్ హైస్‌మన్ గెలిచిన స్మిత్ కన్నా ముందు వెళ్ళాడు! ఫిలడెల్ఫియా ఈగల్స్‌కి అప్పుడు 12వ నంబర్ ఉంది. డాలస్‌కి తమ 12వ నంబర్‌తో పాటు ఒక మూడో రౌండ్ పిక్ (ఎంచుకునే ఛాన్స్) అదనంగా ఇచ్చి, వాళ్ళ పదో నంబర్‌కి ఎక్కి మరీ స్మిత్‌ని పట్టుకున్నారు. ఈగల్స్‌కి సన్నవాళ్ళంటే భయం లేకపోవడానికి ఒక కారణం ఉందనుకుంటాను. 2008లో రెండో రౌండ్‌లో డెషాన్ జాక్సన్‌ని తీసుకున్నారు. 169 పౌండ్లు. మొదటి సీజన్‌లోనే 912 గజాలు, ఆ టీమ్‌లో రూకీ (మొదటి ఏడాది ఆటగాడు) రికార్డు. స్మిత్ వచ్చి 2021లో దాన్ని 916తో దాటాడు.

తర్వాత 2022లో 1,196 గజాలు, 2023లో 1,066. మొదటి రెండు సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా మిస్ కాలేదు, అదీ 75 కేజీల మనిషి. 2024 ఏప్రిల్‌లో మూడేళ్ళకి 7.5 కోట్ల డాలర్ల పొడిగింపు కాంట్రాక్టు ఇచ్చారు.

ఇక్కడ ఒక పక్క కథ చెప్పకుండా ఉండలేను. 2018 జనవరి, అట్లాంటా, జార్జియాతో కాలేజీ ఫైనల్. స్మిత్ అప్పుడు మొదటి ఏడాది కుర్రాడు. ఓవర్‌టైమ్‌లో టువా టాగోవైలోవా విసిరిన 41 గజాల బంతిని పట్టుకుని అలబామాని గెలిపించాడు. ఆ సమయానికి బెంచ్ మీద కూర్చున్న క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్. ఫామ్ బాగాలేదని హాఫ్‌టైమ్‌కే పక్కన పెట్టారు. ఏడేళ్ళ తర్వాత, 2025 ఫిబ్రవరిలో, న్యూ ఓర్లీన్స్ సూపర్‌బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్)లో అదే హర్ట్స్ ఈగల్స్ తరఫున విసిరిన 46 గజాల బంతిని అదే స్మిత్ టచ్‌డౌన్‌కి పట్టాడు. ఈగల్స్ 40–22తో కాన్సాస్ సిటీని ఓడించారు. న్యూ ఓర్లీన్స్ లాగే స్మిత్ సొంతూరు అమీట్ కూడా లూసియానాలోనే.

ఇప్పుడు నోట్‌బుక్. ఇదిగో, 2021 పేజీ. చేజ్ 9, వాడెల్ 8.5, స్మిత్ 7.5. పక్కన నా చేతిరాతలో ‘సన్నం, నిలబడడు’ అని ఉంది. నవ్వకండి. చేజ్ 9 అలాగే ఉంచుతున్నాను, అతను వేరే స్థాయి. స్మిత్ 7.5ని కొట్టేసి 8.5 వేస్తున్నాను. రూట్లకి (పరిగెత్తే దారులకి) 9.5, చేతులకి 9.5, రిలీజ్‌కి 9, బ్లాకింగ్‌కి 6.

బరువు దగ్గర మాత్రం ప్రశ్న గుర్తు అలాగే ఉంచాను. 2024 సెప్టెంబర్‌లో సెయింట్స్ మ్యాచ్‌లో, ఆగిపోయి నిలబడి ఉండగా పక్క నుంచి వచ్చిన దెబ్బకి హెల్మెట్ ఊడిపోయింది. కంకషన్ (తలకి దెబ్బ తగిలి మెదడు అదరడం) అయ్యి తర్వాతి మ్యాచ్ ఆడలేదు. అది 90 కేజీల వాడికైనా జరిగేదేనా, కాదా? నేను దాదాపు ఇరవైసార్లు చూశాను. ఆ గుర్తు చెరపడానికి నాకింకా చెయ్యి రావడం లేదు.