బడికి వెళ్తేనే బోర్డు

నమస్తే అండి. 2025 ఆగస్టులో మహాబలిపురంలో ఆసియా సర్ఫింగ్ పోటీలు జరిగాయి. సర్ఫింగ్ అంటే బోర్డు మీద నిలబడి కెరటాల మీద జారే ఆట. అందులో రమేష్ బుదిహాళ్ కాంస్యం గెలిచాడు. ఆ పోటీల్లో మన దేశానికి వ్యక్తిగత పతకం రావడం అదే మొదటిసారి. డబ్బున్న ఇంటి కుర్రాడు కాదండి. కర్ణాటక నుంచి కేరళలోని కోవళానికి వలస వెళ్లి, బీచ్ దగ్గర వస్తువులు అమ్ముకున్న కుటుంబం.

పతకం కన్నా నాకు నచ్చింది ఆ ఊరి సర్ఫ్ క్లబ్ పెట్టిన నియమం. బడికి రాని పిల్లాడికి బోర్డు ఇవ్వరు. పేద పిల్లలు చదువు మానేయకుండా చూడటానికే 2005లో ఆ క్లబ్ పెట్టారు. చెన్నై దగ్గర ఇంకో కోవళం ఉంది. అక్కడ మూర్తి మేఘవన్ అనే మత్స్యకారుడు తనంతట తానే సర్ఫింగ్ నేర్చుకుని, ఊరి కుర్రాళ్లకి నేర్పాడు. 2012లో అది సర్ఫ్ స్కూల్ అయింది. వేట తప్ప ఇంకో దారి లేదనుకున్న కుర్రాళ్లు ఇప్పుడు అక్కడ శిక్షకులుగా సంపాదించుకుంటున్నారు.

మరి మన గోదారి జిల్లాల్లో ఎందుకు కాకూడదు? అంతర్వేది పల్లిపాలెం, ఓడలరేవు పిల్లలకి కెరటం అంటే భయం లేదు. నడక వచ్చినప్పటి నుంచి చూస్తున్నదే కదా.

అయితే చోటు చూసుకోవాలండి. కాకినాడకి ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్ అనే ఇసుక దీవి అడ్డుగా ఉంది కాబట్టి అక్కడ పెద్ద అలలు రావు. ఉప్పాడలో సముద్రం ఒడ్డుని కోసేస్తోంది, అడ్డంగా రాళ్లు పోశారు. ఆ రాళ్ల మీదకి పిల్లల్ని తోయలేం. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది. ఆ లాగుడులో నేర్చుకునేవాళ్లని దింపితే ప్రాణాలకే ముప్పు. నదీ ముఖానికి దూరంగా, అడుగున ఇసుక ఉన్న ఒడ్డు కావాలి. అది ఎక్కడుందో, ఏ నెలలో నీళ్లు ఎటు లాగుతాయో ఆ ఊరి పెద్దల్ని అడగండి, చేతితో చూపిస్తారు.

ఇంకో మాట. పతకం ఏ ఒక్కరికో వస్తుంది. లైఫ్‌గార్డు ఉద్యోగం చాలామందికి రావచ్చు. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవానికి, కార్తీక మాసంలో స్నానాలకి ఎంత జనం వస్తారో మీకు తెలుసు. ఎవరైనా మునిగితే దూకేది మన మత్స్యకార కుర్రాళ్లే. ఆ పనికి శిక్షణ, సర్టిఫికెట్, నెల జీతం ఇవ్వాలి. అమ్మాయిలకి కూడా ఇవ్వాలి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

మొదలుపెట్టడానికి వేట నిషేధ కాలం బాగుంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు పడవలు ఒడ్డునే ఉంటాయి. అందులో చాలా రోజులు పిల్లలకి వేసవి సెలవులే. నీళ్ల గురించి అన్నీ తెలిసిన నాన్నలు, బాబాయిలు ఇంటి దగ్గరే ఉంటారు. వాళ్లకి రోజు కూలి ఇచ్చి, పిల్లలకి కాపలాగా నీళ్లలో నిలబెట్టండి. బడి తెరిచాక హాజరు పట్టీ చూసి, అప్పుడు మళ్లీ బోర్డు ఇవ్వండి.