గ్రాహకానికి రంగు అతికించడం ఎలా?

అందరికీ నమస్కారం. కోవలెంట్ బంధం, అంటే రెండు పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకునే బంధం, అనగానే మీకు పరీక్ష కాగితం మీద పెట్టే ఎలక్ట్రాన్ చుక్కలు గుర్తొస్తాయి. పత్తి పండించే మన నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెలకు మాత్రం దాని దెబ్బ కూడా తెలుసు. మోనోక్రోటోఫాస్ వంటి పురుగుమందు ఒంట్లోకి వెళ్తే, నాడుల చివర సంకేతాలు మోసే ఎసిటైల్‌కోలిన్‌ను విడగొట్టే ఎంజైములోని సెరీన్ అనే ఒక అమైనో ఆమ్లానికి ఫాస్ఫరస్ అతుక్కుంటుంది. ఎంజైము పని ఆగిపోతుంది. ఆసుపత్రిలో ఇచ్చే పామ్ ఇంజెక్షన్ ఆ బంధాన్ని తెంచడానికే. కొన్ని గంటలు ఆలస్యమైతే బంధం స్వరూపమే మారి పామ్‌కు లొంగదు.

మెదడు గ్రాహకాలను, అంటే కణాల మీద సంకేతాలు అందుకునే ప్రోటీన్లను, పరిశీలించే ప్రోబ్ అణువుకు కావలసింది కూడా ఇంత గట్టి పట్టే. కానీ గ్రాహకం పని ఆగకూడదు. చిక్కంతా అక్కడే.

ఆంపా గ్రాహకాన్ని తీసుకోండి. గ్లుటమేట్ అనే సంకేత అణువు తగలగానే తెరుచుకుని సోడియం అయాన్లను కణంలోకి వదులుతుంది. కొత్త విషయం నేర్చుకునేటప్పుడు నాడీకణాలు కలిసే సినాప్స్ దగ్గర ఈ గ్రాహకాల సంఖ్య మారుతుంది. ఆ రాకపోకలు చూడాలంటే వాటికి రంగు తగిలించాలి. జన్యువును మార్చి జీఎఫ్‌పీ అనే మెరిసే ప్రోటీన్‌ను జోడించవచ్చు, కానీ దాని బరువు సుమారు 27 కిలోడాల్టన్లు (అణువుల బరువుకు వాడే కొలత). రంగు అణువు సాధారణంగా ఒక కిలోడాల్టన్‌కు లోపే.

జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో ఇతారు హమాచి బృందం దీనికి చక్కని ఉపాయం పన్నింది. ఒక కొసన గ్రాహకాన్ని గుర్తుపట్టి అందులో కూర్చునే అణువు (లిగాండ్), మరో కొసన రంగు, నడుమ ఎసైల్ ఇమిడజోల్ అనే చర్య జరిపే భాగం. లిగాండ్ తన గూట్లో కుదురుకోగానే నడిమి భాగం పక్కనున్న లైసీన్ వంటి అమైనో ఆమ్లానికి చేరువవుతుంది. రంగు దానికి అతుక్కుంటుంది, లిగాండ్ తెగిపోతుంది, కడిగితే కొట్టుకుపోతుంది. గూడు మళ్లీ గ్లుటమేట్‌దే. ఆంపా గ్రాహకాల మీద ఈ పని 2017లో వెలువడింది.

చర్యాశీలత ఎంత ఎక్కువైతే అంత మంచిదని విద్యార్థులు అనుకుంటారు. కాదు. అతిగా చర్య జరిపే అణువు పల్లేరుకాయ లాంటిది, దారిన పోయే ప్రతి ప్రోటీన్‌నూ పట్టుకుంటుంది. నన్నడిగితే మందకొడి అణువే మేలు. విడిగా ఉన్నప్పుడు అది దాదాపు ఊరుకోవాలి, లిగాండ్ తెచ్చిపెట్టిన దగ్గరితనంతోనే చర్య జరగాలి.

మెరుపు కనిపించగానే సంబరపడకండి. రంగు లేని లిగాండ్‌ను ముందే ఎక్కువ మోతాదులో వేసి, ప్రయోగం మళ్లీ చేయండి. గూళ్లన్నీ నిండిపోయాయి కనుక ఈసారి మెరుపు రాకూడదు. వచ్చిందంటే రంగు ఎక్కడెక్కడో అంటుకున్నట్టే. ఎవరైనా ఫలితాలు చూపిస్తే నేను ముందు అడిగేది ఆ చీకటి చిత్రాన్నే.

మొదటి మెట్టుకు ప్రయోగశాల కూడా అక్కర్లేదు. 2009లో వెలువడిన ఆంపా గ్రాహక నిర్మాణం ప్రోటీన్ డేటా బ్యాంకులో ఉచితంగా దొరుకుతుంది. కంప్యూటర్‌లో తెరిచి, లిగాండ్ గూటి నుంచి ఒక్కో లైసీన్ ఎంత దూరంలో ఉందో కొలవండి. ఆ నిర్మాణం తేల్చిన స్ఫటికంలో కదలకుండా కనిపించే లైసీన్ నీటిలో ఊగుతూ ఉంటుంది, కాబట్టి నడిమి భాగానికి ఒకే పొడవు కాకుండా రెండు మూడు పొడవులు గీసి తీసుకురండి. వాటి మీద మాట్లాడుకుందాం.