పక్కటెముకలకు అటూ ఇటూ

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ విశాఖపట్నం నుంచి నమస్కారం. వైద్య విద్యార్థులకు అనాటమీ, అంటే శరీర నిర్మాణ శాస్త్రం, బోధించి పదవీ విరమణ చేసిన డాక్టర్ గారు ఈ రోజు మనతో ఉన్నారు. గాజువాక నుంచి ఒక శ్రోత పంపిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. ‘మా నాన్నగారికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. వీపులోంచి సూది గుచ్చి తీస్తామన్నారు. ఊపిరితిత్తికి చిల్లు పడుతుందని ఆయన ఎంతకీ ఒప్పుకోవడం లేదు.’ ఆయనకు ఏమని చెప్పాలి మేడమ్?

డాక్టర్: ఆ నీరు ఊపిరితిత్తి లోపల లేదని ముందు చెప్పాలమ్మా. అందరం అలాగే అంటాం కానీ, అది చేరేది ఊపిరితిత్తికి, ఛాతీ గోడకు మధ్య. అక్కడ ప్లూరా అని పలుచటి పొర రెండు వరుసలుగా ఉంటుంది. ఒక వరుస ఊపిరితిత్తిని అంటిపెట్టుకుని, రెండోది పక్కటెముకల లోపలి వైపు అతుక్కుని ఉంటాయి. మామూలుగా ఆ రెండింటి మధ్య కొద్ది మిల్లీలీటర్ల ద్రవమే ఉంటుంది, రాపిడి లేకుండా జారడానికి. క్షయ వచ్చినా, నిమ్ము చేసినా, గుండె బలహీనపడినా, క్యాన్సర్ ఉన్నా అక్కడ నీరు పెరుగుతుంది. ఒక్కోసారి లీటర్ల కొద్దీ చేరి ఊపిరితిత్తిని నొక్కేస్తుంది. ఆయాసం అందుకే. సూది దిగవలసింది ఆ నీటిలోకి. నీరు ఎక్కువగా ఉన్నప్పుడు ఊపిరితిత్తి సూదికి దూరంగా జరిగి ఉంటుంది.

వ్యాఖ్యాత: అయితే ప్రమాదమే ఉండదా?

డాక్టర్: బొత్తిగా ఉండదని నేను అనను. అరుదుగా ఊపిరితిత్తికి తగలవచ్చు. అందుకే ఇప్పుడు స్కానింగ్‌లో నీరు ఎక్కడుందో చూసుకుని మరీ గుచ్చుతారు. ఇంకో జాగ్రత్త ఉంది, నేను పిల్లల చేత పదేపదే చెప్పించిన విషయం అది. ప్రతి పక్కటెముక కింది అంచున లోపలి వైపు ఒక చిన్న గాడి ఉంటుంది. అందులో పైనుంచి కిందికి సిర, ధమని, నరం వరుసగా నడుస్తాయి. కాబట్టి సూదిని ఎప్పుడూ కింది పక్కటెముక పై అంచును ఆనుకునే దింపాలి. పై ఎముక కిందుగా గుచ్చితే రక్తనాళం తెగవచ్చు. వాళ్ల నాన్నగారిని కూర్చోబెట్టి, బల్ల మీదికి వంగమని, వీపు మీద వేలితో ఎముకలు వెతికి చూస్తారు కదా, ఆ వెతుకులాట అందుకే. ఆయనకు ఈ మాట చెబితే భయం కొంత తగ్గుతుంది.

వ్యాఖ్యాత: వేలితో ఎముకలు లెక్కపెట్టడం మనకు మనం చేసుకోగలమా?

డాక్టర్: ఎందుకు చేసుకోలేం! వింటున్నవాళ్లు కూడా చేయవచ్చు. గొంతు కింద, రెండు కాలర్ ఎముకల మధ్య ఉన్న గుంటలో వేలు పెట్టండి. అక్కడి నుంచి ఛాతీ మధ్య ఎముక మీదుగా నెమ్మదిగా కిందికి జరపండి. నాలుగైదు సెంటీమీటర్ల దిగువన అడ్డంగా ఒక చిన్న గట్టు తగులుతుంది.

వ్యాఖ్యాత: తగిలింది.

డాక్టర్: దాని పక్కనే అతుక్కుని ఉన్నది 2వ పక్కటెముక. మొదటిది కాలర్ ఎముక చాటున ఉంటుంది, చేతికి సరిగా దొరకదు. అందుకే లెక్క ఎప్పుడూ ఈ గట్టు దగ్గర మొదలుపెట్టాలి. ఇంచుమించు ఇదే ఎత్తులో, లోపల, శ్వాసనాళం రెండుగా చీలుతుంది. కుడివైపు పాయ కాస్త వెడల్పుగా, పొట్టిగా, నిటారుగా ఉంటుంది. పసిపిల్లలు వేరుశనగ గింజ మింగబోయి పీల్చేస్తే అది ఎక్కువగా కుడి ఊపిరితిత్తిలోకే పోతుంది. ఉన్నట్టుండి పొలమారి, ఆ తర్వాత దగ్గు ఎన్నాళ్లకూ తగ్గని పిల్లవాడికి దగ్గు మందు పోస్తూ కూర్చోకూడదు. ఈ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

వ్యాఖ్యాత: మొత్తం పక్కటెముకలు ఎన్ని?

డాక్టర్: 12 జతలు, ఆడవారికైనా మగవారికైనా అంతే. పై 7 జతలు తమ మృదులాస్థితో, అంటే మెత్తటి ఎముకతో, నేరుగా మధ్య ఎముకను చేరతాయి, తర్వాతి 3 పైదాని మృదులాస్థిని పట్టుకుంటాయి, చివరి 2 ముందు దేనినీ అంటవు. సింహాచలం మెట్లు ఎక్కి కాసేపు కూర్చున్నప్పుడు రెండు అరచేతులూ కింది పక్కటెముకల మీద పెట్టుకుని చూడండి. ఊపిరి తీసుకున్నప్పుడల్లా చేతులు పక్కలకు జరుగుతాయి. పై పక్కటెముకల దగ్గర పెడితే ఛాతీ ముందుకు లేస్తుంది. వీటికి తోడు ఛాతీకి, పొట్టకు మధ్య ఉన్న డయాఫ్రమ్ అనే కండరం కిందికి దిగుతుంది. ఊపిరితిత్తికి సొంతంగా విప్పారే కండరం లేదమ్మా. ఛాతీ గోడ పెద్దదైతే ప్లూరా దాన్ని తనతో లాగుతుంది, గాలి లోపలికి వస్తుంది.

వ్యాఖ్యాత: ఊపిరి తీసుకుంటే పొడిచినట్టు నొప్పి అంటారు కొందరు. అది ఊపిరితిత్తి నొప్పేనా?

డాక్టర్: ఊపిరితిత్తికీ, దాన్ని అంటిపెట్టుకున్న పొరకూ అలాంటి నొప్పి తెలియదు. పక్కటెముకల వైపున్న పొరకు మాత్రం బాగా తెలుస్తుంది. అందుకే లోపల జబ్బు ముదిరేదాకా కొందరికి నొప్పే ఉండదు, పొర వాచిన రోజున ఒక్కసారిగా పొడుస్తుంది. ఇంకో చిత్రం చెబుతాను. డయాఫ్రమ్ మీది పొర వాస్తే నొప్పి భుజంలో తెలుస్తుంది! గర్భంలో డయాఫ్రమ్ మెడ దగ్గర రూపుకట్టడం మొదలై తర్వాత కిందికి దిగుతుంది, తన నరాన్ని వెంట తీసుకుని. ఆ నరం మెడలోని 3వ, 4వ, 5వ నరాల నుంచి వస్తుంది, భుజం చర్మానికి వెళ్లేవీ దాదాపు అక్కడివే. పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యంగానే ఉండేది.

వ్యాఖ్యాత: డాక్టర్లు స్టెతస్కోపును కాలర్ ఎముక పైన కూడా పెడతారు. అక్కడ వినడానికి ఏముంటుంది?

డాక్టర్: ఊపిరితిత్తి కొన ఉంటుంది. కాలర్ ఎముకకు రెండున్నర సెంటీమీటర్ల పైదాకా, అంటే మెడలోకి వస్తుంది. పెద్దవారిలో క్షయ ఎక్కువగా పై భాగంలోనే కనిపిస్తుంది కాబట్టి అక్కడ వినాలి. వీపు మీద వినకపోతే కింది భాగాన్ని దాదాపు వదిలేసినట్టే, అది ఎక్కువగా వెనకే పరుచుకుని ఉంటుంది. కుడి ఊపిరితిత్తికి 3 భాగాలు, ఎడమదానికి 2. గుండె ఎడమకు ఒరిగి ఉంది కదా, అటు చోటు తక్కువ.

వ్యాఖ్యాత: మన ఊళ్లో, ముఖ్యంగా పోర్టుకు దగ్గరగా ఉండేవాళ్లు, గచ్చు తుడిస్తే గుడ్డ నల్లబడుతుందంటారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల దాకా వెళుతుందా?

డాక్టర్: కాస్త పెద్ద రేణువులు ముక్కులో, గొంతులో, శ్వాసనాళాల జిగురులో చిక్కుకుంటాయి. బాగా సన్నటివి వాయుకోశాల దాకా పోతాయి. అక్కడి రక్షక కణాలు వాటిని మింగి లింఫ్ నాళాల, అంటే కణజాలంలో మిగిలిన ద్రవాన్ని తీసుకుపోయే సన్నటి గొట్టాల, దారి పట్టిస్తాయి. డిసెక్షన్ హాలులో ఊపిరితిత్తిని చేతికి ఇచ్చినప్పుడు పిల్లలు మొదట అడిగేది ‘మేడమ్, ఈ నల్ల గీతలేమిటి?’ అనే. గులాబీ రంగులో ఉంటుందని పుస్తకంలో చూసి వస్తారు. చేతిలో ఉన్నదాని మీద నల్లటి గీతలు గళ్లుగళ్లుగా అల్లుకుని ఉంటాయి. పొగ తాగినవారిలో, పట్టణాల్లో బతికినవారిలో ఆ నలుపు ఎక్కువ. పొర కింద లింఫ్ నాళాలు నడిచే దారి వెంట బొగ్గు పేరుకుపోయిందన్నమాట. ఏళ్ల తరబడి పీల్చిన గాలి అక్కడ మిగిలిపోతుంది. గాలి గురించి ఊరు గట్టిగా మాట్లాడవలసిందే, నా మాట అదే.

వ్యాఖ్యాత: లింఫ్ అన్నారు కాబట్టి రొమ్ము గురించి అడుగుతాను. ఆడవాళ్లు ఇంట్లో కూడా బయటికి చెప్పుకోని విషయం.

డాక్టర్: చెప్పుకోకపోవడం వల్లే ఆలస్యమవుతోంది. నా మనసుకు బాధ కలిగించేది అదే. మన దేశంలో ఆడవారికి వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం రొమ్ము క్యాన్సర్‌దే. రొమ్ము పక్కటెముకలకు బయట, ఛాతీ కండరం మీద, 2వ పక్కటెముక నుంచి 6వ దాకా ఉంటుంది. 15 నుంచి 20 దాకా పాల గ్రంథుల భాగాలు, వాటి నాళాలు, మిగతాది కొవ్వు. చర్మం నుంచి లోపలికి పోగుల్లాంటి తంతువులు వీటిని పట్టి ఉంచుతాయి. లండన్ సర్జన్ ఆస్ట్లీ కూపర్ 1840లో వాటిని వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. గడ్డ ఆ తంతువుల్ని లాగితే చర్మం మీద గుంట పడుతుంది. లింఫ్ దారులు మూసుకుపోతే చర్మం వాచి నారింజ తొక్కలా కనిపిస్తుంది. పైకి కనిపించే ఈ గుర్తులకు లోపల కారణం ఉంది.

వ్యాఖ్యాత: రొమ్ము పరీక్షలో నడుము మీద చేతులు పెట్టుకుని గట్టిగా నొక్కమంటారు, అది దేనికి?

డాక్టర్: ఛాతీ కండరం బిగుసుకోవడానికి. అప్పుడు గడ్డ కదలకుండా నిలిచిపోతే అది కండరానికి అంటుకుందేమోనని అనుమానించాలి. అందరూ మరిచేది చంక. రొమ్ము కణజాలం తోకలా సాగి చంకలోకి పోతుంది. లింఫ్‌లో దాదాపు 75 శాతం అటే వెళుతుంది. క్యాన్సర్లు ఎక్కువగా పుట్టేది కూడా చంక వైపున్న పై భాగంలోనే. ఇంట్లో చూసుకునేవారు నెలసరి మొదలైన వారం పది రోజులకు, వేళ్ల కొసలతో పొడవకుండా వేళ్లను పరిచి, చంక దాకా తడమాలి.

వ్యాఖ్యాత: నొప్పి లేదు కాబట్టి పరవాలేదు అనుకోవచ్చా?

డాక్టర్: నొప్పి లేని గడ్డనే ముందు చూపించండి. చాలా గడ్డలు క్యాన్సర్ కావు, కానీ ఆ తీర్పు పరీక్షలు చేసి డాక్టరు చెప్పాలి. చనుమొన కొత్తగా లోపలికి లాగినా, రక్తం వచ్చినా అంతే. మగవారికీ రొమ్ము కణజాలం ఉంటుంది. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి దాకా వాళ్లకే వస్తుంది, కాబట్టి అన్నయ్యలూ మామయ్యలూ కూడా వినాలి.

వ్యాఖ్యాత: చివరి ప్రశ్న. ఎడమ రొమ్ము కింద వేలితో నొక్కితే నొప్పి వస్తోందని, గుండె జబ్బేమోనని ఒక అమ్మాయి భయపడుతోంది.

డాక్టర్: నొక్కిన చోటే నొప్పి వస్తే చాలాసార్లు పక్కటెముక మృదులాస్థి కలిసే చోట వాపు ఉంటుంది. అలాగని ఇంట్లోనే తేల్చేయకూడదు. ఛాతీ బిగపట్టినట్టు ఉండి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే నొక్కి చూసుకుంటూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. అవేమీ లేకపోతే రేపు పొద్దున్నే ఓపీకి వెళ్లి, నొప్పి ఉన్న చోటు వేలితో చూపించమనండి.